ముద్దకు మూడు రంగులు

ముక్త అన్నం తింటోంది. నళినికి భయం వేసింది.

రెండేళ్ళు నిండిన పిల్ల గిన్నెడు పప్పన్నం మారాం లేకుండా తింటుంటే ఏ తల్లికైనా కడుపు నిండాలి. మొన్నటిదాకా నళినికీ అలాగే ఉండేది. అత్తగారు కనకరత్నం ముద్దలు కలిపి పెట్టేది. నళిని ఎదురుగా కూర్చుని ఫోను పట్టుకునేది. అత్తగారికి ఫోను ఇస్తే వేలు తగిలి బొమ్మ మారిపోయేది, అందుకని ఆ పని కోడలిదే. భర్త శ్రీకర్ ఓడల మీద ఇంజనీరు. ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. విశాఖపట్నంలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురే.

ఆ పూట తలుపు గంట మోగింది. కనకరత్నం "ఎవరూ?" అని అటు తిరిగి, చేతిలోని ముద్దను ఊదకుండానే పిల్ల నోట్లో పెట్టేసింది. ముద్ద మీది ఆవిరి నళినికి కనిపించింది.

"అత్తయ్యా, వేడి!" అని అరిచేలోపు ముక్త మింగేసింది.

ఏడవలేదు. ఉమ్మలేదు. ఫోనులోని గులాబి ఏనుగును చూస్తూ మళ్ళీ నోరు తెరిచింది.

"అయ్యో నా తల్లీ! ఊదనేదే నాను!" అంటూ కనకరత్నం పిల్ల గడ్డం పట్టుకుంది. "నా సేతి ఏళ్ళకి ఏడి తెలీదే నళినీ, పొయ్యి కాడ కాలి కాలి మొద్దుబారిపోనాయి. ఏదీ, నాలిక సూపించమ్మా."

నాలుక మీద ఎర్రగా బొబ్బ లేస్తోంది. నళిని ఫోనును బోర్లా పెట్టింది. ముక్త రెప్పలు వేసింది. కాసేపటికి నోట్లో వేలు పెట్టుకుని తడుముకుంది. ఎక్కడో ఏదో అయిందని, అది తనకేనని అప్పుడు తెలిసినట్టుంది. అప్పటికీ ఏడవలేదు.

"నోరు కాలితే ఏడవని గుంట ఉంటదేటే?" అంది కనకరత్నం.

నళిని బోర్లా ఉన్న ఫోను వైపు చూసింది. ఆ ఏనుగును గీసింది తనే.

* * *

నళిని పనిచేసేది ఊరి చివర, సముద్రం వైపున్న ఒక చిన్న స్టూడియోలో. పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు చూపించే బొమ్మల వీడియోలు అక్కడ తయారవుతాయి. దాన్ని నడిపే శేషఫణి కంటి చూపు మీద పరిశోధన చేసినవాడు, స్టూడియో అనడు, ప్రయోగశాల అంటాడు. అందుకు తగ్గట్టే అక్కడ ఒక గది ఉంది. గదిలో ఒక తెర, ఎత్తు కుర్చీ, తెర పైన కన్నులాంటి కెమెరా. దాని వెనక 'కుంచె' అనే ప్రోగ్రాం.

కుంచె చేసే పని చెప్పడానికి తేలిక. బొమ్మ గీయడం మనిషి వంతు. ఆ బొమ్మకు రంగులు మార్చి మార్చి చూపించడం కుంచె వంతు. బిడ్డ కంటిపాప ఏ రంగులకు ఎక్కువగా విచ్చుకుంటే ఆ రంగుల వైపు జరుగుతుంది. ఇష్టమైనదాన్ని చూస్తే కంటిపాప విచ్చుకుంటుందన్నది పాత సంగతే. ప్రోగ్రాం రాసిన ఉమాపతి "దీనికి జీతం అక్కర్లేదు, అలకా ఉండదు. మీ ఆర్టిస్టుల కంటే నయం" అని నళినిని ఆటపట్టించేవాడు.

"అలగనివాళ్ళు బొమ్మలేం గీస్తారు ఉమాపతి గారూ?" అనేది నళిని.

ఏనుగు బొమ్మకు తను వేసిన రంగులంటే ఆమెకు ఇష్టం. ముదురు నీలపు రాత్రి, బూడిద రంగు ఏనుగు, దాని వీపు మీద చిన్న ఎర్ర గుడ్డ, పైన వెన్న రంగు చంద్రుడు. బొమ్మలో ఒక రంగు పెద్దరికం చేయాలి, ఒకటి దానికి తోడుండాలి, ఒకటి చిటికెడే ఉండి కంటిని పిలవాలి. అన్నీ ఒకేసారి మాట్లాడితే చెవికి ఎలా ఉంటుందో కంటికీ అలాగే ఉంటుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. బొమ్మలోని రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లో చూడాలి. అప్పుడు కూడా ఏనుగు ఏనుగులా, చంద్రుడు చంద్రుడిలా నిలబడితే రంగులు సరిగ్గా కుదిరినట్టు.

ఆ రంగులకు పిల్లలు రెండు ముద్దలు తిని మొహం తిప్పేసేవారు. "చందమామ" అని చూపించి, కుర్చీ దిగుతామని గోల చేసేవారు.

కుంచెకు అప్పగించారు. ఒక్కొక్క బిడ్డా వచ్చి కూర్చుంటుంటే రంగులు మెల్లగా జరిగాయి. నీలం పాచిపచ్చ అయింది. ఏనుగు, వీపు మీది గుడ్డతో సహా, జామపండు గుజ్జు రంగుకు తిరిగింది. చంద్రుడు వంకాయ పువ్వులా ఊదాగా మారాడు. అక్కడికొచ్చి కుంచె ఆగిపోయింది. ఇక జరగాల్సిన పని లేదంది. ఆ మూడు రంగుల ముందు కూర్చోబెట్టిన ప్రతి బిడ్డా కదలకుండా, చప్పుడు చేయకుండా గిన్నె ఖాళీ చేసింది. తల్లులు చప్పట్లు కొట్టారు. ఒకావిడ శేషఫణి కాళ్ళకు దండం పెట్టబోయింది.

నళిని ఆ బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూసింది. తెరంతా ఒకటే బూడిద. ఏనుగు లేదు, చంద్రుడు లేడు, రాత్రి లేదు. మూడు రంగులూ వెలుగులో ఒకదానికొకటి సరిసమానంగా ఉన్నాయి. మళ్ళీ రంగుల్లోకి తెస్తే ఏనుగు అంచులు అలల్లా వణికాయి. చూస్తుంటే అది తెర మీద ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఎంత దూరంలో ఉందో అంతుపట్టలేదు.

"సార్, ఇది తప్పు జోడింపు" అంది. "కన్ను రంగునయితే పట్టుకుంటుంది, అదెక్కడుందో పట్టుకోలేదు. నాకే చూపు నిలవట్లేదు."

శేషఫణి నవ్వాడు. "మనం బొమ్మల కొలువు పెట్టట్లేదమ్మా. నీ కంటికి నచ్చాలా, బిడ్డ కడుపు నిండాలా?"

కడుపు నిండాలి. నళిని కంప్యూటర్ మూసి ఇంటికి వెళ్ళింది. వీడియో ఊళ్ళకు వెళ్ళింది. ఆ రోజుల్లో ముక్త బొత్తిగా తినేది కాదు. అందరితోపాటు నళినీ తన ఫోనులో అదే పెట్టింది.

* * *

వీడియోకు పేరు రావడానికి అసలు కారణం వేరే ఉంది. పిల్లలు దాన్ని అడిగేవారు కాదు.

"మిగతా వాటికయితే ఫోను లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తాడండీ మా వాడు" అని కింది అంతస్తు వైదేహి అందరికీ చెప్పేది. "ఇది మాత్రం, తినడం అవగానే తీసేసినా కిమ్మనడు. మళ్ళీ పెట్టమనీ అనడు. ఎంత మంచి అలవాటో!"

నాలుక కాలిన మర్నాటి నుంచి ఆ మాట నళినిని వదల్లేదు. బిడ్డకు ఒక వస్తువు ఇష్టమైతే ఎలా ఉంటుంది? రాత్రి నిద్దర్లో కూడా దాన్ని కలవరిస్తుంది. ముక్తకు నానమ్మ తాళంచెవుల గుత్తి ఇష్టం, దాని కోసం కొంగు పట్టుకుని వేలాడుతుంది. ఏనుగును మాత్రం ఒక్కసారీ అడగలేదు. అసలు ఈమధ్య ఏదీ అడగడం లేదు. వచ్చిన నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు.

సాయంత్రం కూరగాయలకు వెళ్తూ పిల్లను చంకనెత్తుకుంది. వీధి మలుపులో జామకాయల బండి ఉంది. బండివాడు కోసిన కాయల్ని గులాబి రంగు లోపలి వైపు కనపడేలా ఆకుల మీద పేర్చాడు. బండి మీద ఎండకు వెలిసిన ఊదా పట్టా ఉంది.

చంకలో పిల్ల బిగుసుకుపోయింది. నళిని చూసేసరికి ముక్త బండి వైపే చూస్తూ నోరు తెరిచి ఉంది. వెడల్పుగా, ముద్ద కోసం తెరిచినట్టే.

"ఏటమ్మా, పాపకి జాంకాయ్ కావాలేటి?" బండివాడు నవ్వాడు. "అడక్కుండానే నోరు తెరిసీసింది! ఇదిగో బంగారం, తిను."

అతను పెట్టిన ముక్కను ముక్త నమలలేదు, ఉమ్మలేదు. గొంతుకు అడ్డం పడుతుందేమోనని నళిని వేలు పెట్టి తీసేసింది. పిల్ల గుండె తన పక్కటెముకలకు తగులుతోంది. పిట్టను పట్టుకుంటే అరచేతిలో కొట్టుకున్నట్టుగా కొట్టుకుంటోంది. నళిని బండికి వీపు తిప్పి, కూరగాయల మాట మరిచిపోయి, పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

* * *

అదే వారంలో ముక్తకు కళ్ళకలక వచ్చింది. తగ్గేదాకా కాటుక పెట్టొద్దని డాక్టరు చెప్పాడు.

కనకరత్నానికి ఆ మాట మింగుడుపడలేదు. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నేతితో నూరి తన చేత్తో తీసిన కాటుక అది. "బోసి మొగంతో గుంటని బయటికి తీసుకెల్తావేటే? నలుగురి కళ్ళూ పడతాయి. పోనీ బుగ్గనయినా సుక్కెట్టనీ."

"ఇవాళ వద్దత్తయ్యా. దాన్ని స్టూడియోకి తీసుకెళ్తున్నా. కుంచె ముందు కూర్చోబెడతాను. ఏమవుతోందో నాకు తెలియాలి."

ఉమాపతి గది తెరిచాడు. ముక్తను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్క గదిలోని పెద్ద తెర మీద పిల్ల మొహం కనిపిస్తోంది. నళిని గిన్నె పట్టుకుని కుర్చీ పక్కన నిలబడింది. పాచిపచ్చ, జామ గుజ్జు, వంకాయ పువ్వు. తెర వెలిగింది.

వెలిగీ వెలగగానే రంగులు పరుగెత్తాయి.

అలా జరగడం ఉమాపతి ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ మూడు రంగుల దగ్గర కొండలా కూర్చున్న కుంచె ఇప్పుడు వాటి నుంచి పారిపోతోంది. పచ్చ నల్లబడి నీలమైంది, ఏనుగు గులాబిని విదిలించుకుని బూడిదైంది, చంద్రుడు వెన్న రంగుకు వచ్చాడు. ఊపిరి తీసి వదిలేంతలో తెర మీద నళిని మొదట గీసిన బొమ్మ నిలిచింది. ముక్త రెప్పలు వేసింది, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏం చేశారు?" అంది నళిని.

"నేనేం ముట్టుకోలేదు." ఉమాపతి మొహం పాలిపోయింది. "నళిని గారూ, ఇలా రండి. ఇది చూడండి."

అతను పెద్ద తెర మీద పిల్ల మొహాన్ని వెనక్కి తిప్పి, మూడు రంగులూ వెలిగిన చోట ఆపాడు. కాటుక లేని కళ్ళు. పై రెప్ప పూర్తిగా పైకి పోయి నల్లగుడ్డుకు పైన తెల్లటి చార కనిపిస్తోంది. కనుబొమల లోపలి కొసలు పైకి లాగి ఉన్నాయి. కింది రెప్ప తీగలా బిగుసుకుంది. పెదవులు వెడల్పుగా తెరుచుకున్నాయి.

అది ముద్ద కోసం తెరిచిన నోరు కాదు. కేక కోసం తెరిచిన నోరు. కేక రాలేదు, అంతే.

నళిని వెళ్ళి ముక్తను కుర్చీలోంచి ఎత్తుకుని వచ్చింది.

"కంటిపాప విచ్చుకోవడం ఇష్టానికీ ఉంటుంది, భయానికీ ఉంటుంది" ఉమాపతి గొంతు తగ్గించి చెప్పసాగాడు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "రెండింటికీ తేడా రెప్పల్లో తెలుస్తుంది. అందుకే కుంచెకి రెప్పలు కూడా చూడమని చెప్పాం. భయం కనిపిస్తే వెంటనే రంగులు మార్చెయ్యమని చెప్పాం. ఇవాళ అదే చేసింది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదు?"

అతను పాత పరీక్షల వీడియోలు ఒక్కొక్కటీ తెరిచాడు. ఒక బిడ్డ, ఇంకో బిడ్డ, మరో బిడ్డ. అందరి కళ్ళకూ కాటుక. మామూలు రోజుల్లో పెట్టే సన్నటి గీత కాదు. కొత్త చోటికి, పదిమంది చూసే చోటికి, కెమెరా ముందుకు తీసుకెళ్తున్నాం కదా అని ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా మామూలు కంటే దట్టంగా పూసి పంపింది. నుదుట చుక్క, బుగ్గన చుక్క, కంటి చుట్టూ నలుపు. ఏడ్చి తుడుచుకున్న పిల్లలకయితే చెంపల దాకా మసి.

"కుంచెలోని కన్ను వేరే దేశంలో తయారైంది. అక్కడి పిల్లల మొహాల మీద నేర్చుకుంది. కాటుక అంటే దానికి తెలియదు" అన్నాడు ఉమాపతి. "రెప్ప అంచు దొరకడం లేదని మొదటి రోజునే గొడవ పెట్టింది. రెప్ప దొరక్కపోతే వదిలేసి కంటిపాపను బట్టి పొమ్మని నేనే రాశాను. నా ఎదురుగా అంతమంది పిల్లలు కాటుకతో కూర్చుంటే... నాకు కాటుక కనపడలేదండీ. పిల్లలే కనపడ్డారు. పిల్లలంటే అలాగే ఉంటారు కదా మనకి."

నళినికీ కనపడలేదు. శేషఫణికీ కనపడలేదు. ఆ గదిలోకి అడుగుపెట్టిన ఒక్కరికీ కనపడలేదు.

బిడ్డల్ని ఎక్కువ భయపెట్టే రంగుల్ని కుంచె ఓపిగ్గా, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వెతికి పట్టుకుంది. ప్రతి మెట్టునా వీళ్ళు చప్పట్లు కొట్టారు.

* * *

శేషఫణి వచ్చి, తెర మీద ఆగిన ముక్త మొహాన్ని చాలాసేపు చూశాడు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క పిల్లని చూసి తేల్చేస్తే ఎలాగమ్మా? కళ్ళకలక ఉంది. మంట వల్ల కూడా అలా చూడొచ్చు."

"కుంచె ఎందుకు పారిపోయింది సార్?"

"సరే, భయమే అనుకుందాం." ఆయన గొంతులో ఇప్పుడు అదో రకం తొందర. "భయపెట్టి తినిపించని ఇల్లుందా మన దేశంలో? తినకపోతే బూచాడొచ్చి ఎత్తుకుపోతాడని మా అమ్మ చెప్పింది, మీ అమ్మ చెప్పింది. ఏమైపోయాం మనం?"

"బూచాడొస్తాడంటే మేం అమ్మ ఒళ్ళోకే దూరేవాళ్ళం సార్. బూచాడు తలుపవతల ఉండేవాడు, అమ్మ ఇవతల ఉండేది. దీనికి అవతలా ఇవతలా లేదు. ఎక్కడుందో కంటికి దొరకదు. ఎటు పారిపోవాలో తెలియక పిల్లలు బిగుసుకుపోతున్నారు. ఇక అమ్మ అంటారా..." నళిని ముక్త వైపు చూసింది. "అమ్మే దాన్ని పట్టుకుని ఎదురుగా కూర్చుంటోంది."

శేషఫణి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయన కూడా తాతే. కొడుకు కూతురికి ఏడాదిన్నర.

ఫోను తీసి ఇంటికి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"ఏమ్మా హరిణీ, పాప భోంచేసిందా?"

"తింటోంది మావయ్యా. పాత ఫోనులో ఏనుగు పెట్టాను, ఇంకేం, చకచకా లాగించేస్తోంది." గరిటె చప్పుడు వినిపించింది. "ఏం, మీరు భోజనానికి వస్తున్నారా?"

"లేదు. నాకో పని చేసిపెట్టు. ఏనుగు అలాగే ఉండనీ. తడిగుడ్డతో పాప కాటుక తుడిచెయ్యి."

"తింటున్న పిల్లకి ఇప్పుడా? ఎందుకు మావయ్యా?"

"తుడిచి, దాని మొహం చూసి నాకు చెప్పు."

నీళ్ళ చప్పుడు వినిపించింది. హరిణి పిల్లతో ఏదో ముద్దుగా అంటోంది. తరవాత ఆ ముద్దు మాట మధ్యలో తెగింది. శేషఫణి బల్ల అంచు పట్టుకున్నాడు.

"మావయ్యా." అది ఇందాకటి గొంతు కాదు. "ఇదేంటి ఇలా చూస్తోంది? మావయ్యా, ఇది ఇలా ఎందుకు చూస్తోంది?"

"ఆపెయ్యి. ఆ పాత ఫోను ఆపెయ్యి తల్లీ. దాన్ని ఎత్తుకో."

ఆయన ఫోను పెట్టేశాడు. తరవాత ఉమాపతి వైపు తిరిగి, వీడియోలు మార్చడానికి కావలసిన అనుమతి తన వేలిముద్రతో ఇచ్చాడు.

"మారిస్తే పిల్లలు తినరు సార్" అన్నాడు ఉమాపతి. "తల్లులు తిడతారు."

"తిట్టనీ."

నళిని ముక్తను ఒళ్ళో పెట్టుకుని, తన పాత ఏనుగును తెరిచింది. ముదురు నీలం, బూడిద, వెన్న రంగు, చిటికెడు ఎరుపు. రంగులు తీసేసి చూసింది. ఏనుగు నిలబడింది. ఉమాపతి దాన్ని పాతదాని స్థానంలో పెట్టాడు. దాని ముందు, ఇన్నాళ్ళూ చూపించిన వీడియో పిల్లల్ని భయపెట్టిందని, ఎక్కడున్నా తీసేయమని శేషఫణి తన గొంతుతో చెప్పి చేర్చాడు. ఇకపై ఎవరు నొక్కినా వచ్చేది ఇదే.

"ముందే దించుకుని ఫోన్లో దాచుకున్నవాళ్ళ సంగతి?" అంది నళిని.

ఉమాపతి తల దించుకున్నాడు. వాటిని చేరే దారి లేదు. ఒక తల్లి ఇంకో తల్లికి పంపినవి, ఆమె తన చెల్లెలికి పంపినవి, ఏ ఊళ్ళో ఏ పిల్ల ఎదురుగా ఈపాటికి వెలుగుతున్నాయో ఎవరికి తెలుసు?

స్టూడియో ఫోను మోగడం మొదలైంది. మా వాడు తినట్లేదండీ, మా పాప ఏడుస్తోందండీ, బొమ్మెందుకు మార్చారండీ, ఇన్నాళ్ళూ ఏం పెట్టారండీ మా బిడ్డలకి? శేషఫణే ఎత్తి ఒక్కొక్కరికీ చెప్పాడు.

* * *

ఇంటికొచ్చాక నళిని అత్తగారికి అంతా చెప్పింది. కనకరత్నం గోడకు జేరబడి కూర్చుండిపోయింది.

"నాను పెట్టిన కాటుక వల్లేనేటే?" అంది చివరికి.

"కాటుక తప్పు కాదత్తయ్యా. దాని వెనక ఏముందో చూడని మాది."

ఆ సాయంత్రం అన్నం కలిపి తెచ్చారు. ఫోను లేదు, ఏనుగు లేదు. గిన్నె కనపడగానే ముక్త నడుం నిటారు చేసి కూర్చుంది, నోరు తెరిచింది. నళిని ఇప్పుడు రెప్పల వైపు చూడటం నేర్చుకుంది. పై రెప్ప పైకి పోయింది. తెల్లటి చార కనిపించింది. చూడటానికి రంగులు లేకపోయినా భయం వచ్చి కూర్చుంది. గిన్నెకు అంటుకుంది అది, ముద్దకు అంటుకుంది.

నళిని గిన్నె దూరంగా జరిపింది. "పెట్టొద్దు. దానంతటది అడిగేదాకా పెట్టొద్దు."

"అడక్కపోతే?"



ఆ పూట పిల్ల అడగలేదు. పాలు కూడా వద్దనలేదు, కావాలనలేదు, గ్లాసు అంటిస్తే తాగింది. మర్నాడు పొద్దున్న ఇడ్లీ తుంచి పళ్ళెంలో వేసి, పళ్ళాన్ని నేల మీద పెట్టి, ఇద్దరూ దూరంగా జరిగి కూర్చున్నారు. ముక్త పళ్ళెం వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆకలి కూడా ఆ రంగుల్లో కలిసిపోయి ఉంటే? అడగడమనేదే పిల్ల లోపల మిగలకపోతే?

"ఎంతసేపలాగ పస్తుంచుతావే?" కనకరత్నం కళ్ళొత్తుకుంది. "నా గుండాగిపోతంది. నువ్వు పెద్ద సదువులు సదివినావు గాని గుంట ఆకలి నీకు తెలీదే. ఒక్క ముద్ద, ఒక్కటే పెట్టనీ."

"మీకు దండం పెడతానత్తయ్యా. ఇప్పుడు నోట్లో పెడితే అది మళ్ళీ మింగేస్తుంది. మింగడం కాదు నాకు కావాల్సింది."

ఎండ గుమ్మంలోకి వచ్చింది. వంటింట్లో పాలు మాడిన వాసన వేస్తే కనకరత్నం లేచి వెళ్ళింది. నళిని ఉండబట్టలేక, పిల్ల మీద ఈగ వాలుతుంటే తోలుదామని ముందుకు జరిగి చెయ్యి చాచింది. రోజూ ఫోను పట్టుకున్న చెయ్యి. రోజూ కూర్చున్నట్టే ఎదురుగా కూర్చుని ఉంది.

ముక్త ఆ చేతిని చూసింది. పెదవులు వణికాయి. నోరు తెరుచుకుంది. ఈసారి కేక బయటికి వచ్చింది.

అలాంటి ఏడుపు ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఇన్ని నెలల ఏడుపులు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఇప్పుడే తలుపు తీసినట్టు వచ్చాయి. పిల్ల పళ్ళాన్ని తన్నింది. ఇడ్లీ ముక్కలు గచ్చంతా దొర్లాయి. నళిని ఏడుస్తూ, నవ్వుతూ రెండు చేతులూ చాచింది. "రా అమ్మా. రా, నా తల్లీ."

ముక్త లేచి పరుగెత్తింది. తల్లి చేతులకు అందకుండా, గోడవారగా ఒరుసుకుంటూ, వంటింట్లోంచి వస్తున్న నానమ్మ దగ్గరికి పరుగెత్తి చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. అక్కణ్ణించి ఒక కన్నుతో తొంగి నళిని వైపు చూసింది. మళ్ళీ దాక్కుంది.

భయం ఎక్కడుందో పిల్లకు తెలిసింది. ఎటు పారిపోవాలో కూడా తెలిసింది.

కనకరత్నం మనవరాలి తల మీద చెయ్యి వేసి కోడలి మొహం చూసింది. "నళినీ..." అంది.

"ఎత్తుకోండత్తయ్యా" అంది నళిని. చాచిన చేతుల్ని మెల్లగా, పిల్ల బెదరకుండా, ఒళ్ళోకి తెచ్చుకుంది. "మళ్ళీ పళ్ళెం పెట్టండి. నేనుంటే తినదు."

లేచి, పిల్లకు వీలైనంత ఎడంగా నడిచి, బాల్కనీలోకి వెళ్ళింది. అద్దాల తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల వెక్కిళ్ళు చాలాసేపటికి తగ్గాయి. కనకరత్నం బుజ్జగిస్తోంది. పళ్ళెం చప్పుడు వినిపించింది.

"ఇదిగో బంగారం, ఇంకోటి పెట్టనా?"

"వద్దు" అంది ముక్త. ఎన్నాళ్ళకో పిల్ల నోట విన్న మాట.

నళిని కమ్మీని గట్టిగా పట్టుకుంది. లోపలికి వెళ్ళాలని ప్రాణం లాగుతోంది. వెళ్ళలేదు. అద్దం మీద తన నీడ పడుతోందేమోనని గోడ వైపుకు ఒదిగి నిలబడింది.